తాగుడు మానినవారు మళ్లీ అటు వెళ్లకుండా చూసే మందులు: జంతు నమూనాలలో పరీక్షించే పద్ధతి, అడుగడుగునా

మద్యం మానడం కష్టమే. మానాక ఆ మాట మీద నిలబడటం అంతకన్నా కష్టం. ఆసుపత్రిలో కొన్నాళ్లుండి, వణుకు తగ్గి, తిండి సహించి, ముఖం తేటపడి ఇంటికి వెళ్లిన మనిషి కొన్ని నెలలకే మళ్లీ అదే వార్డుకు వస్తాడు. అది కళ్లారా చూసిన కుటుంబాలకు ఈ జబ్బులో అసలు పోరు ఎక్కడుందో వేరే చెప్పక్కర్లేదు. ఆ పోరులో చేయూతనిచ్చే మందులు చాలా తక్కువ. అమెరికాలో మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి ఉన్నవి మూడే: 1950ల తొలినాళ్ల నుంచి వాడుతున్న డైసల్ఫిరామ్, 1994లో అనుమతి వచ్చిన నాల్‌ట్రెక్సోన్, 2004లో వచ్చిన అకాంప్రోసేట్. వీటి బలం కూడా ఓ మోస్తరే. 2014లో జామా అనే వైద్య పత్రికలో వచ్చిన విశ్లేషణ ప్రకారం, ఒక్కరు మళ్లీ గ్లాసు పట్టకుండా ఆపాలంటే అకాంప్రోసేట్ 12 మందికి ఇవ్వాలి, నాల్‌ట్రెక్సోన్ అయితే 20 మందికి.

కొత్త మందుల అవసరం తీరలేదు. అవి మనుషుల దాకా రావాలంటే ముందు ఎలుకల దగ్గర నిలబడాలి. ఇక్కడే ఒక చిక్కుంది. ఎలుక తాగే మద్యాన్ని తగ్గించడం పెద్ద విషయం కాదు. మగతగా ఉన్నా, వికారంగా ఉన్నా, ఆకలి చచ్చినా అది తక్కువే తాగుతుంది. "తగ్గింది" అనే అంకె తేలిగ్గానే వస్తుంది, కానీ ఎందుకు తగ్గిందో చెప్పగలిగే ప్రయోగమే రోగికి పనికొస్తుంది. ఫార్మకాలజీ, న్యూరోసైన్స్ ల్యాబుల్లో తొలిసారి ఇలాంటి స్టడీ డిజైన్ చేసుకుంటున్నవారి కోసం ఈ మార్గదర్శి రాస్తున్నాను.

మొదటి అడుగు: ఏ రిలాప్స్ (మానాక మళ్లీ తాగుడులో పడటం) గురించి అడుగుతున్నారో తేల్చుకోండి

మళ్లీ తాగడానికి దారులు చాలా. పెళ్లిలో ఒక్క గుక్క తాగి ఆగలేకపోయేవారు ఒకరు. పాత స్నేహితులు, పాత వీధి, గ్లాసుల చప్పుడు చాలు మరొకరికి. ఇంట్లో గొడవ, ఉద్యోగంలో టెన్షన్ ఇంకొకరికి. ఏ కారణమూ లేకుండా, మానేసిన కాలం పెరిగేకొద్దీ లోపల కోరిక పెరిగేవారూ ఉన్నారు. ల్యాబులో వీటికి వేర్వేరు నమూనాలున్నాయి: కొద్దిపాటి ఆల్కహాల్ ఇచ్చి రేపేది, వాసన లేదా వెలుగు లాంటి సూచనతో రేపేది, ఒత్తిడితో రేపేది, కొన్నాళ్లు దూరం చేసి మళ్లీ సీసా పెట్టేది.

ఒక మందు అన్ని దారులనూ మూయదు. 1999లో లే అనే శాస్త్రవేత్త, ఆయన సహచరులు చేసిన ప్రయోగంలో నాల్‌ట్రెక్సోన్ ఇచ్చిన ఎలుకలకు కొద్దిగా ఆల్కహాల్ ఇంజెక్షన్‌గా ఇచ్చినా అవి మునుపటిలా వెంటపడలేదు. అదే మందు పాదాలకు తగిలే చిన్న షాక్ వల్ల పుట్టిన కోరికను ఆపలేకపోయింది. 2002లో లియు, వైస్ చూపించిందీ ఇలాంటిదే: సూచన వల్ల కలిగిన వెతుకులాటను నాల్‌ట్రెక్సోన్ తగ్గిస్తే, ఒత్తిడి వల్ల కలిగినదాన్ని సీఆర్ఎఫ్ అనే ఒత్తిడి రసాయనాన్ని అడ్డుకునే పదార్థం తగ్గించింది. రెండు ప్రేరణలూ కలిస్తే కోరిక ఇంకా పెరిగింది.

కాబట్టి నోట్‌బుక్ మొదటి పేజీలో ఒక్క వాక్యం రాయండి: "ఈ మందు మెదడులో ఫలానా చోట పనిచేస్తుంది, కనుక ఫలానా ప్రేరణ వల్ల కలిగే రిలాప్స్‌ను తగ్గించాలి, ఫలానా దాన్ని తగ్గించకపోవచ్చు." ఆ చివరి ముక్క చాలామంది రాయరు. మందు ఎక్కడ పనిచేయకూడదో ముందే చెప్పగలిగితేనే, పనిచేసిన చోట ఫలితానికి విలువ ఉంటుంది.

రెండో అడుగు: అనుమతి, జంతువు పట్ల బాధ్యత

సంస్థలోని జంతు నైతిక కమిటీ అనుమతి చేతికి రాకుండా ఒక్క జంతువును కూడా తెప్పించకండి. 1959లో రసెల్, బర్చ్ చెప్పిన మూడు సూత్రాలు ఇప్పటికీ దారి చూపుతాయి: జంతువు లేకుండా జరిగే పనికి జంతువును వాడొద్దు, వీలైనంత తక్కువ సంఖ్యలో వాడాలి, వాడినవాటికి బాధ వీలైనంత తగ్గించాలి. గ్రాహకానికి, అంటే కణం మీద మందు పట్టుకునే చోటికి, మందు అతుక్కుంటుందా లేదా అన్నది కణాలలో తేలిపోతుంది, దానికి ఎలుక అక్కర్లేదు. జంతువు కావలసింది ప్రవర్తనకు.

ప్రయోగాన్ని ఎక్కడ ఆపాలో కూడా ముందే రాసుకోండి. శరీర బరువు ఎంత శాతం తగ్గితే ఆ ఎలుకను స్టడీ నుంచి తీసేయాలి, విత్‌డ్రాయల్‌లో, అంటే మద్యం ఆగినప్పుడు పడే బాధలో, మూర్ఛ వస్తే ఏం చేయాలి, పశువైద్యుడిని ఎప్పుడు పిలవాలి. ఆల్కహాల్‌కు అలవాటుపడిన జంతువుకు హఠాత్తుగా ఆపేయడం మనిషికి లాగే ప్రమాదం. ఇది ఫారం నింపడానికి రాసే విషయం కాదు. నలిగిపోయిన జంతువు ఇచ్చే డేటా కూడా నలిగిపోయే ఉంటుంది.

మూడో అడుగు: ఏ జంతువు?

రిలాప్స్ పనికి ఎక్కువమంది ఎలుకలనే, అంటే ర్యాట్స్‌నే ఎంచుకుంటారు. మీట నొక్కడం లాంటి పనులు త్వరగా నేర్చుకుంటాయి, నెలల తరబడి పరీక్షలకు ఆగుతాయి. విస్టార్, లాంగ్-ఎవాన్స్ జాతులు మామూలు జనాభాకు దగ్గర. తరతరాలుగా ఎక్కువ తాగేవాటిని ఏరి పెంచిన వంశాలూ ఉన్నాయి: ఇండియానాలో పెంచిన పీ ఎలుకలు, ఫిన్లాండ్‌లోని ఏఏ ఎలుకలు, ఇటలీలోని సార్డీనియన్ ఎలుకలు. కుటుంబ చరిత్ర బలంగా ఉన్న రోగుల గురించి అడుగుతుంటే ఇవి మంచివి. అయితే వీటిలో కనిపించిన ఫలితం అందరికీ వర్తిస్తుందని అనుకోకూడదు.

చిట్టెలుకల్లో సీ57బీఎల్/6జే రకం ఆల్కహాల్‌ను ఇష్టంగా తాగుతుంది. జన్యువులు మార్చిన జంతువులు కావాలంటే ఇదే దారి. చీకటి పడిన మూడు గంటలకు 20 శాతం ద్రావణం పెట్టే "డ్రింకింగ్ ఇన్ ద డార్క్" పద్ధతిలో వీటి రక్తంలో ఆల్కహాల్ డెసిలీటరుకు 100 మి.గ్రా. దాటుతుంది. కానీ అది అతిగా తాగడాన్ని కొలిచే నమూనా, రిలాప్స్‌ను కాదు. ఈ రెంటినీ కలిపేసి రాసిన పేపర్లు చూస్తే నాకు బాధేస్తుంది, ఎందుకంటే ఆ మాట నమ్మి తర్వాతి అడుగు వేసేది వేరొకరు.

ఆడ, మగ రెండింటినీ పెట్టండి. ఆడ ఎలుకలు కిలో బరువుకు ఎక్కువ తాగుతాయి, మందును శరీరం వాడుకునే తీరూ మారవచ్చు. ఎలుకలు రాత్రి జీవులు కనుక వెలుగు–చీకటి గడియారాన్ని తిప్పి పెట్టి, మీ పగటి పని వాటి చీకటి వేళలో జరిగేలా చూడండి. వచ్చిన వెంటనే మొదలుపెట్టకుండా కనీసం వారం రోజులు కుదురుకోనివ్వండి, రోజూ చేత్తో పట్టుకుని అలవాటు చేయండి.

నాలుగో అడుగు: తాగడం నేర్పడం, సరిగ్గా కొలవడం

ఎక్కువ ల్యాబులకు సరిపడే పద్ధతి రోజు విడిచి రోజు రెండు సీసాలు పెట్టడం. సోమ, బుధ, శుక్రవారాల్లో 24 గంటల పాటు ఒక సీసాలో 20 శాతం ఆల్కహాల్, ఇంకో సీసాలో నీళ్లు. మిగతా రోజుల్లో రెండూ నీళ్లే. తీపి కలపక్కర్లేదు. మధ్యమధ్య దొరక్కపోవడమే తాగుడును పెంచుతుంది. 2008లో సిమ్స్ బృందం చూపినట్టు కొన్ని వారాల్లో లాంగ్-ఎవాన్స్, విస్టార్ ఎలుకలు 24 గంటల్లో కిలో బరువుకు 5–6 గ్రాముల దాకా చేరతాయి.

ద్రావణం తయారీలో పొరపాట్లు ఎక్కువ. 95 శాతం శుద్ధ ఇథనాల్ నుంచి లీటరు 20 శాతం ద్రావణం కావాలంటే 210.5 మి.లీ. తీసుకుని నీళ్లతో లీటరుకు నింపాలి. విషపదార్థాలు కలిపిన పారిశ్రామిక స్పిరిట్‌ను ఎట్టి పరిస్థితుల్లో వాడకూడదు. సీసాలను పెట్టే ముందు, తీశాక తూకం వేయండి. ఎలుక లేని ఖాళీ పంజరానికి కూడా రెండు సీసాలు తగిలించండి. అక్కడ కారిపోయినంత ప్రతి కొలత నుంచీ తీసేయాలి. కొన్ని ఎలుకలకు కుడివైపు సీసా మీదో ఎడమవైపు సీసా మీదో మోజు ఉంటుంది కనుక ప్రతిసారీ చోటు మార్చండి.

లెక్క ఇలా ఉంటుంది. 400 గ్రాముల ఎలుక 20 శాతం ద్రావణం 15 మి.లీ. తాగిందనుకుందాం. అందులో ఇథనాల్ 3 మి.లీ. ఇథనాల్ సాంద్రత 0.789 కనుక అది 2.37 గ్రాములు. 0.4 కిలోలతో భాగిస్తే కిలోకు 5.9 గ్రాములు. ఈ అంకె ఒక్కటే చూసి సంతోషపడొద్దు. ఆ 15 మి.లీ. రోజంతా చుక్కచుక్కగా తాగితే రక్తంలో ఆల్కహాల్ ఎప్పుడూ పెరగకపోవచ్చు. బాగా తాగే సమయం గుర్తించి, తోక నుంచి చిన్న చుక్క రక్తం తీసి చూడండి. మనుషుల్లో అతి తాగుడుకు గీతగా పెట్టుకున్న డెసిలీటరుకు 80 మి.గ్రా. మీ జంతువుల్లోనూ వస్తుందా అన్నదే ప్రశ్న. రాకపోతే మీరు పరీక్షిస్తున్నది మద్యం ప్రభావం మీద పనిచేసే మందునా, రుచి మీద పనిచేసే మందునా అన్నది తేలదు.

ఐదో అడుగు: డిపెండెన్స్ కావాలా వద్దా?

ఇష్టంగా తాగే ఎలుక వేరు, ఆల్కహాల్ లేకుండా ఉండలేని ఎలుక వేరు. తీవ్ర రోగుల కోసం మందు చూస్తుంటే రెండో రకం కావాలి. దీనికి ఎక్కువగా వాడేది ఆల్కహాల్ ఆవిరి గది. ఎలుకలను రోజుకు 14 గంటలు ఆవిరిలో, 10 గంటలు బయట ఉంచుతూ, కొన్ని వారాల పాటు రక్తంలో స్థాయి 150–250 మి.గ్రా. మధ్య నిలబెడతారు. ఆవిరి ఆగిన 6–8 గంటలకు తోక బిగుసుకోవడం, ముట్టుకుంటే అరవడం, కాళ్లు లోపలికి ముడుచుకోవడం లాంటి విత్‌డ్రాయల్ గుర్తులు కనిపిస్తాయి, మీట నొక్కడం బాగా పెరుగుతుంది.

పరికరం ఖర్చుతో కూడుకున్నది, పర్యవేక్షణ కూడా ఎక్కువ కావాలి. కానీ కొన్ని మందులకు ఇది తప్పదు. మూర్ఛకు వాడే గాబాపెంటిన్ అనే మందు డిపెండెన్స్ ఉన్న ఎలుకల్లో తాగుడు తగ్గించింది, లేనివాటిలో తగ్గించలేదు. సీఆర్ఎఫ్‌ను అడ్డుకునే పదార్థాల సంగతీ అంతే. మామూలు ఎలుకల్లోనే చూసి ఉంటే వీటిని తొలి రోజే పక్కన పడేసేవాళ్లు.

ఆరో అడుగు: రిలాప్స్ నమూనా నడపడం

రెండు నమూనాలు నడపమని నా సలహా. ఒకటి నిజంగా తాగడాన్ని కొలిచేది, రెండోది తాగాలని వెతకడాన్ని కొలిచేది.

మొదటిది ఆల్కహాల్ డిప్రివేషన్ ఎఫెక్ట్. 1960లలోనే సింక్లెయిర్, సెంటర్ అనే పరిశోధకులు దీన్ని వర్ణించారు. పంజరంలో నీళ్లతో పాటు 5, 10, 20 శాతం ద్రావణాలు, మొత్తం నాలుగు సీసాలు. రెండు నెలలు ఇష్టం వచ్చినట్టు తాగనిచ్చి, తర్వాత రెండు మూడు వారాలు ఆల్కహాల్ తీసేస్తారు. మళ్లీ పెట్టిన మొదటి రోజుల్లో ఎలుకలు మునుపటికన్నా ఎక్కువ తాగుతాయి, చిక్కటి ద్రావణం వైపు మొగ్గుతాయి. ఈ చక్రాన్ని చాలాసార్లు తిప్పితే ఆ తాగుడులో పట్టు పెరుగుతుంది. సీసాలు తిరిగి పెట్టడానికి ఒకటి రెండు రోజుల ముందు మందు మొదలుపెట్టి, పెట్టాక కొన్ని రోజులు కొనసాగించాలి. అకాంప్రోసేట్ ఈ పెరుగుదలను అణచిందని 1990ల్లోనే తేలింది. మనుషుల్లో కూడా అది ముఖ్యంగా మానేసినవారు మానినట్టే ఉండటానికి పనికొస్తుంది కనుక, ఈ నమూనాకు కొంత నమ్మకం దక్కింది.

చూడాల్సినది ఒక్కటే అంకె అనుకోకండి. బేస్‌లైన్ (ఆల్కహాల్ తీసేయక ముందు మామూలుగా తాగిన స్థాయి) చివరి వారం సగటుతో పోలిస్తే ఎంత పెరిగింది? ఏ ద్రావణం వైపు? మొదటి గంటలోనా, రోజంతానా? మందు ఇచ్చిన ఎలుక పెరుగుదలను మాత్రమే కోల్పోయి బేస్‌లైన్ దగ్గర ఆగిందా, అసలు తాగడమే మానేసిందా? మొదటిది రిలాప్స్ మీద ప్రభావం లాగా కనిపిస్తుంది. రెండోదైతే జంతువు నలతగా ఉందేమో ముందు చూడాలి.

రెండో నమూనా మీటల పెట్టెలో జరుగుతుంది. రెండు మీటలుంటాయి. ఒకటి నొక్కితే 10 శాతం ఆల్కహాల్ 0.1 మి.లీ. గిన్నెలోకి వస్తుంది, రెండోది నొక్కితే ఏమీ రాదు. సెషన్ 30 నిమిషాలు. మొదట తీపి నీళ్లలో కొద్దిగా ఆల్కహాల్ కలిపి, రోజురోజుకూ తీపి తగ్గించి, చివరికి ఆల్కహాల్ మాత్రమే మిగిల్చే పద్ధతి చాలామంది వాడతారు. ఆల్కహాల్ దొరికే సెషన్లలోనే నారింజ వాసన, చిన్న దీపం పెడతారు. నొక్కడం మూడు రోజుల పాటు పెద్దగా ఊగకుండా స్థిరపడ్డాకే ముందుకు వెళ్లాలి.

తర్వాత ఎక్స్‌టింక్షన్. వాసన, దీపం, ఆల్కహాల్ ఏవీ లేకుండా రోజూ అదే పెట్టె. నొక్కినా ఏమీ రాదని ఎలుక నేర్చుకుంటుంది. ప్రతి ఎలుకా మీరు ముందే రాసుకున్న గీత కిందికి దిగాలి. కొన్ని త్వరగా దిగుతాయి, కొన్ని రెండు మూడు వారాలు తీసుకుంటాయి. తొందరపడి దిగనివాటిని కూడా పరీక్షకు పెడితే మొత్తం ఫలితం మసకబారుతుంది. దిగిన తర్వాత పరీక్ష రోజు: మందు ఇచ్చి, దాని మోతాదు మెదడులో శిఖరానికి చేరే వేళకు, వాసన, దీపం మళ్లీ పెట్టి చూస్తారు. ఆల్కహాల్ మాత్రం రాదు. ఎన్నిసార్లు నొక్కిందన్నదే కొలత. ఇలా ఆగిన వెతుకులాటను మళ్లీ రేపడాన్నే రీఇన్‌స్టేట్‌మెంట్ అంటారు.

ఒత్తిడి నమూనాలో సెషన్‌కు ముందు పాదాలకు తక్కువ స్థాయి షాకులు, మధ్య మధ్య విరామంతో, పది పదిహేను నిమిషాలు ఇస్తారు. ఆందోళన పుట్టించే యోహింబిన్ అనే మందు ఇంజెక్షన్‌తో కూడా ఒత్తిడి తెప్పించవచ్చు. తేలిక కనుక ల్యాబులకు అదే నచ్చుతుంది. అయితే యోహింబిన్ ఇచ్చిన ఎలుక ఆల్కహాల్‌తో సంబంధం లేని మీటను కూడా ఎక్కువగా నొక్కగలదు. దాని ఒక్కదాని మీదే "ఒత్తిడి వల్ల కలిగే రిలాప్స్" అని తీర్మానం రాయొద్దు.

ఈ పద్ధతికి ఒక మూల లోపముంది. మనుషులు తాగుడు మానేది ఎక్స్‌టింక్షన్ వల్ల కాదు. సీసా దొరుకుతూనే ఉంటుంది, కానీ భార్య వెళ్లిపోతుందనో, ఉద్యోగం పోతుందనో, కాలేయం పాడైందనో మానేస్తారు. దీనికి దగ్గరగా ఉండే నమూనాలు ఇప్పుడున్నాయి. 2013లో మర్చంట్ బృందం ఒక పెట్టెలో ఆల్కహాల్ నేర్పి, వేరే పెట్టెలో నొక్కినప్పుడు షాక్ తగిలేలా చేసి ఎలుకలంతట అవే మానుకునేలా చేసింది. తిరిగి మొదటి పెట్టెలో పెడితే అవి మళ్లీ మొదలుపెట్టాయి. కొత్తగా స్టడీ కట్టేవారు సాధారణ రీఇన్‌స్టేట్‌మెంట్‌కు తోడుగా ఇలాంటిదొకటి పెట్టుకుంటే మంచిది.

ఏడో అడుగు: మోతాదు, వేళ, దారి

కనీసం మూడు మోతాదులు, మందు లేని ద్రావకం ఒకటి, పోల్చడానికి ఇప్పటికే అనుమతి ఉన్న మందు ఒకటి. ఈ ఆఖరిది చాలా స్టడీల్లో ఉండదు. నాల్‌ట్రెక్సోన్ కూడా మీ చేతిలో పనిచేయకపోతే లోపం మీ నమూనాలో ఉందని తెలుస్తుంది. అది లేకపోతే మంచి మందును అన్యాయంగా తోసిపుచ్చే ప్రమాదం ఉంది.

మోతాదు మనిషికి అందేదేనా అని మొదటే లెక్క చూడండి. శరీర ఉపరితలం ఆధారంగా, ఎలుక మోతాదును 6.2తో, చిట్టెలుక మోతాదును 12.3తో భాగిస్తే మనిషికి సమానమైన మోతాదు సుమారుగా వస్తుంది. 60 కిలోల మనిషికి నాల్‌ట్రెక్సోన్ రోజుకు 50 మి.గ్రా. అంటే కిలోకు 0.83. ఎలుకకు మారిస్తే 5 మి.గ్రా. చిల్లర. కానీ ఎలుకల్లో ఇంజెక్షన్‌గా కిలోకు 0.1–1 మి.గ్రా. ఇచ్చినా ప్రభావం కనిపిస్తుంది, ఎందుకంటే నోటి ద్వారా వెళ్లిన నాల్‌ట్రెక్సోన్‌లో ఎక్కువ భాగం కాలేయంలోనే మారిపోతుంది. అకాంప్రోసేట్ అయితే నోటి ద్వారా శరీరంలోకి చేరేది సుమారు పదో వంతే. ఇంజెక్షన్ లెక్కను నోటి మాత్ర లెక్కకు తిన్నగా మార్చకూడదని ఈ రెండు ఉదాహరణలే చెబుతాయి. వీలుంటే రక్తంలో, మెదడులో మందు స్థాయి కొలిచి, మనుషుల్లో సురక్షితంగా వచ్చే స్థాయితో పోల్చండి. దానికి మించిన మోతాదులోనే పనిచేస్తే ఆ సంగతి పేపర్ సారాంశంలోనే రాయాలి.

ఒక్క ఇంజెక్షన్‌తో ఆగిపోవద్దు. రోగి ఈ మందును నెలల పాటు రోజూ మింగాలి. రోజూ ఇస్తే ప్రభావం నిలుస్తుందా, తగ్గిపోతుందా, ఆపగానే తాగుడు ఎగబాకుతుందా అన్నది కనీసం పది పద్నాలుగు రోజుల డోసింగ్‌తో చూడండి.

ఎనిమిదో అడుగు: ఇంతకీ ఎందుకు తగ్గింది?

ఈ అడుగుకు ఎంత సమయం, ఎన్ని పరీక్షలు పెడతారో దాన్ని బట్టే స్టడీ విలువ ఉంటుంది. డబ్బు తక్కువైతే మొదట కోతపడేదీ ఇదే. దయచేసి ఇక్కడ కోయకండి.

కదలిక చూడండి. వేరే జంతువుల గుంపుకు అవే మోతాదులు ఇచ్చి, తెరిచిన పెట్టెలో ఎంత తిరుగుతున్నాయో, తిరిగే కడ్డీ మీద ఎంతసేపు నిలబడుతున్నాయో కొలవండి. ఏమీ రాని మీట నొక్కుడు కూడా సగానికి పడిపోయిందంటే మగతను అనుమానించాలి.

తీపి చూడండి. ఆల్కహాల్ బదులు శాకరిన్ లేదా చక్కెర నీళ్ల కోసం మీట నొక్కే ఎలుకలకు అదే మందు ఇవ్వండి. అక్కడా అంతే తగ్గితే అది సాధారణ ఆనందాన్నే తగ్గిస్తున్నట్టు. నాల్‌ట్రెక్సోన్ కూడా తీపిని కొంత తగ్గిస్తుంది, కనుక ఇది అవును–కాదు అనే గీత కాదు. ఆల్కహాల్‌ను తగ్గించే మోతాదుకూ, తీపిని తగ్గించే మోతాదుకూ మధ్య ఎంత దూరం ఉందో చూడాలి. ఎంత ఎక్కువ దూరముంటే అంత మంచిది. తిండి, నీళ్లు, బరువు రోజూ రాసుకోవడం మరిచిపోవద్దు.

వికారం చూడండి. ఎలుకలు వాంతి చేసుకోలేవు. వాటికి కడుపులో తిప్పితే కయోలిన్ మట్టి తింటాయి. పంజరంలో కయోలిన్ ముక్కలు పెట్టి తూకం వేస్తే వికారం బయటపడుతుంది. కొత్త రుచిగల నీటితో పాటు మందు ఇచ్చి, తర్వాత ఆ రుచిని తప్పించుకుంటున్నాయా అని చూడటం ఇంకో పరీక్ష. అక్కడ పోలికకు లిథియం క్లోరైడ్ వాడతారు. మధుమేహానికి, బరువు తగ్గడానికి వాడే సెమాగ్లూటైడ్ లాంటి జీఎల్‌పీ-1 మందులు ఎలుకల్లో ఆల్కహాల్‌ను తగ్గిస్తున్నాయి, కానీ తిండిని కూడా తగ్గిస్తాయి, మనుషుల్లో వికారం తెప్పిస్తాయి. ఈ రకం మందుల మీద పనిచేస్తుంటే ఈ పరీక్ష లేకుండా సమీక్షకుల ముందుకు వెళ్లడం దండగ.

రక్తంలో ఆల్కహాల్ చూడండి. మందు ఆల్కహాల్ విచ్ఛిన్నాన్ని నెమ్మది చేస్తే, తక్కువ తాగినా అదే మత్తు వస్తుంది కనుక ఎలుక తక్కువ తాగుతుంది. నిర్ణీత మోతాదు ఆల్కహాల్ ఇచ్చి, మందుతో, మందు లేకుండా, గంట గంటకూ రక్తంలో స్థాయి కొలిస్తే తేలిపోతుంది. ఆల్కహాల్ మత్తులో ఉన్న జంతువుకు ఈ మందు తోడైతే ఊపిరి, స్పృహ ఎలా ఉన్నాయో కూడా అప్పుడే చూడండి. రోగుల్లో కొందరు మందు వేసుకుని కూడా తాగుతారు. వారి ప్రాణం గురించి ఆలోచించాల్సిన చోటు ఇదే.

చివరగా, ఆల్కహాల్‌కు బదులుగా మందే అలవాటు అవుతుందేమో చూడాలి. మీట నొక్కి ఆ మందునే తీసుకుంటుందా, ఆ మందు ఇచ్చిన గదినే ఎంచుకుంటుందా? ఇటలీ, ఆస్ట్రియాల్లో మద్యం చికిత్సకు వాడే సోడియం ఆక్సిబేట్ మీద ఇప్పటికీ ఉన్న జాగ్రత్త ఇందుకే.

తొమ్మిదో అడుగు: సంఖ్య, లాటరీ, కళ్లకు గంతలు

ఎన్ని జంతువులు కావాలన్నది అలవాటు కొద్దీ ఎనిమిది అని రాసేయకండి. ఎంత తేడా వస్తే రోగికి అర్థవంతమో ముందు నిర్ణయించుకుని లెక్క కట్టండి. రెండు గుంపుల మధ్య తేడా ప్రామాణిక విచలనానికి 1.2 రెట్లు ఉంటుందనుకుంటే, 80 శాతం పవర్‌కు (నిజంగా ఉన్న తేడాను పట్టుకునే అవకాశానికి) గుంపుకు 12 ఎలుకలు కావాలి. తేడా అంతకన్నా చిన్నదైతే సంఖ్య వేగంగా పెరుగుతుంది.

గుంపులుగా విడదీసేటప్పుడు బేస్‌లైన్‌లో ఎక్కువ తాగేవి, తక్కువ తాగేవి అన్ని గుంపుల్లో సమంగా పడేలా చూసి, ఆపైన లాటరీ వేయాలి. సిరంజీ నింపేవారు, డేటా లెక్కించేవారు వేర్వేరుగా ఉండాలి, ఏ ఎలుకకు ఏ మందు వెళ్లిందో కొలిచేవారికి తెలియకూడదు. సీసా తూకం లాంటి నిక్కచ్చి కొలతకు కూడా ఇది అవసరమే, ఎందుకంటే "ఈ సీసా కారినట్టుంది, తీసేద్దాం" అనే నిర్ణయం మనిషే తీసుకుంటాడు.

బేస్‌లైన్ తాగుడు పరీక్షల్లో ఒకే ఎలుకకు అన్ని మోతాదులూ వరుస మార్చి ఇవ్వవచ్చు, మధ్యలో మందు పూర్తిగా పోయేంత విరామంతో. రీఇన్‌స్టేట్‌మెంట్ పరీక్షకు మాత్రం ఇది కుదరదు. ఆల్కహాల్ రాకుండా మళ్లీ మళ్లీ సూచన చూపిస్తే సూచన బలమే తగ్గిపోతుంది, దాన్ని మందు ప్రభావం అనుకునే ప్రమాదం ఉంది. అక్కడ వేర్వేరు గుంపులే మేలు. గణాంకాల్లో జంతువే యూనిట్, సెషన్ కాదు. ఒకే ఎలుక పది సెషన్లను పది నమూనాలుగా లెక్కేయడం చూస్తుంటాం, అది తప్పు. ప్రధాన కొలత ఏదో, ఏ ఎలుకలను తీసేస్తారో పరీక్షకు ముందే రాసి తేదీ వేసి ఉంచండి. జంతు ప్రయోగాలను ఎలా నివేదించాలో చెప్పే, 2020లో సవరించిన అరైవ్ మార్గదర్శకాల్లోని పది ముఖ్యాంశాలను ఎదురుగా పెట్టుకుని డిజైన్ చేస్తే పేపర్ రాసేటప్పుడు వెతుక్కోనక్కర్లేదు.

పదో అడుగు: మనుషుల వైపు తీసుకెళ్లే ముందు ఫలితాన్ని చదవడం

సీఆర్ఎఫ్1 గ్రాహకాన్ని అడ్డుకునే మందుల కథ ఈ రంగంలో ఉన్నవారంతా గుర్తుంచుకోవాలి. ఒత్తిడితో రేపిన రిలాప్స్‌లో, డిపెండెన్స్ ఉన్న ఎలుకల్లో అవి చాలా ల్యాబుల్లో, చాలాసార్లు పనిచేశాయి. పెక్సాసెర్‌ఫాంట్ ఫలితాలు 2015లో, వెరుసెర్‌ఫాంట్ ఫలితాలు 2016లో వచ్చాయి. మద్యానికి బానిసలైనవారిలో తహతహను ఆ మందులు తగ్గించలేకపోయాయి. ఎలుకలు అబద్ధం చెప్పాయని దీనికి అర్థం కాదు. ఎలుక ఒత్తిడి పాదానికి తగిలే షాక్, మనిషి ఒత్తిడి సంవత్సరాలుగా పేరుకున్నది. అందరు రోగులకూ ఒకే దారి ఉండదన్నది మరో సంగతి.

గాబాపెంటిన్ కథ మధ్యలో ఆగింది. 150 మందితో చేసిన ట్రయల్ ఫలితాలు 2014లో వచ్చాయి, రోజుకు 1,800 మి.గ్రా. తీసుకున్నవారికి మేలు జరిగింది. 2019లో దాని నెమ్మదిగా విడుదలయ్యే రూపంతో వచ్చిన పెద్ద ట్రయల్‌లో తేడా కనబడలేదు. జీఎల్‌పీ-1 వైపు చూస్తే, 2022లో ఎక్సెనటైడ్ ట్రయల్ మొత్తం మీద అతిగా తాగే రోజులను తగ్గించలేకపోయింది. 2025లో సెమాగ్లూటైడ్ మీద 48 మందితో తొమ్మిది వారాల చిన్న ట్రయల్ వచ్చింది. తాగిన రోజున తాగే మోతాదు, తహతహ తగ్గాయి, తాగే రోజుల సంఖ్య మాత్రం తగ్గలేదు. పైగా వారెవరూ చికిత్స కోసం వచ్చినవారు కాదు. అంటే అది మానేసినవారి మీద పరీక్షే కాదు. మొదటి అడుగులో రాసుకున్న వాక్యం ఎందుకు కావాలో ఇక్కడ తెలుస్తుంది: మీ ఎలుకలు చెప్పింది తక్కువ తాగడం గురించా, మళ్లీ మొదలుపెట్టకపోవడం గురించా? ట్రయల్ కూడా అదే కొలవాలి.

సగటు వెనక దాక్కున్న జంతువులను కూడా చూడండి. 2018లో ఓజియే, హైలిగ్ తదితరులు ఎలుకలకు ఆల్కహాల్, తీపి నీళ్లు రెండింట్లో ఒకటి ఎంచుకునే వీలిచ్చారు. ఎక్కువభాగం తీపినే ఎంచుకున్నాయి. సుమారు 15 శాతం మాత్రమే ఆల్కహాల్‌ను వదల్లేదు, చేదుగా ఉండే క్వినైన్ కలిపినా, షాక్ తగిలినా. వాటి మెదడులో భావోద్వేగాలతో ముడిపడిన అమిగ్డాలా మధ్యభాగంలో, గాబా అనే మెదడు రసాయనాన్ని తిరిగి పీల్చుకునే జీఏటీ-3 అనే ప్రోటీన్ తగ్గి ఉంది. మద్యపాన వ్యసనంతో మరణించిన మనుషుల మెదడు నమూనాల్లోనూ అది తగ్గినట్టు కనిపించింది. తాగే మనుషుల్లోనూ వ్యసనంలో పడేది కొందరే కదా. మీ మందు మామూలుగా తాగే 85 శాతం ఎలుకల మీద బాగా పనిచేసి, ఆ మొండి ఎలుకల మీద చేతులెత్తేసిందంటే సగటు గ్రాఫ్ అందంగానే వస్తుంది, రోగికి మాత్రం ఏమీ ఒరగదు. అందుకే ప్రతి ఎలుక చుక్కనూ గ్రాఫ్‌లో చూపించండి. ఎక్కువ తాగేవాటిని, క్వినైన్ కలిపినా మాననివాటిని విడిగా విశ్లేషించండి, కానీ ఆ గీత ఎక్కడ గీస్తారో ముందే రాసుకుని.

ముందుకు వెళ్లాలా వద్దా అనే నిర్ణయానికి నేను పెట్టుకునే కొలబద్ద ఇది: తాగుడు, వెతుకులాట రెండు రకాల నమూనాల్లోనూ పనిచేయాలి, ఆడ, మగ రెండింట్లోనూ, మనిషికి అందే మోతాదులో, రోజూ ఇచ్చినా నిలబడాలి, తీపి, కదలిక, వికారం పరీక్షల్లో దూరం కనిపించాలి, వేరే ల్యాబులో, వేరే చేతుల్లో, అదే జవాబు రావాలి. ఒక్క నమూనాలోనే పనిచేసిన మందుకు ఇంకో ఏడాది ఎలుకల దగ్గరే ఇవ్వండి. పనిచేయని ఫలితాన్ని కూడా మోతాదు, జాతి, వేళ, రక్త స్థాయిలతో సహా పూర్తిగా ప్రచురించండి. ఇంకో ల్యాబు అదే మందు మీద ఇంకో గుంపు జంతువులను ఖర్చుపెట్టకుండా ఆగేది ఆ పేపర్ చూసే.